రాష్ట్రములు ఋణము చేయుట ఎందుకు?

వార్తలలో మేము తరచుగా చదువు వాక్యమొకటి కలదు. రిజర్వు బ్యాంకు జరిపిన వేలములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇన్ని కోట్లు, తెలంగాణ ప్రభుత్వము ఇన్ని కోట్లు ఋణము సేకరించినవని దాని సారాంశము. ఆ వాక్యము చదువుటకు పది సెకండ్లు చాలును. ఆ ఋణము తీర్చుటకు పదేండ్లు, ఒక్కొక్కప్పుడు ముప్పదియేండ్లు పట్టును. వార్త విన్న శ్రోతలు మమ్ము అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటియే: "ప్రభుత్వము ఇంతింత అప్పు చేయుచున్నదే, ఇది మేలునకేనా?"

ఈ ప్రశ్నకు ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుటకు వీలులేదు. "అప్పుచేసి పప్పుకూడు" అని మన పెద్దలు పరిహసించినది అప్పును కాదు, అప్పుతో తిన్న పప్పుకూటిని. అప్పుతో బావి త్రవ్వించుకొన్న రైతును పరిహసించు సామెత మా యెరుకలో లేదు. అయితే ఆ బావిలో నీరు పడవలె. పడిన నీరు పంటకు చేరవలె. పంట చేతికి వచ్చువరకు వడ్డీ కట్టు ఓపిక రైతునకు ఉండవలె. ప్రభుత్వపు ఋణమునకును ఈ మూడే పరీక్షలు.

మొదట ఈ సొమ్ము ఎవరిదో చూతము. రాష్ట్ర ప్రభుత్వము సొమ్ము కావలసినప్పుడు ఋణపత్రములను అమ్మకమునకు పెట్టును. రాష్ట్రముల తరపున రిజర్వు బ్యాంకు సాధారణముగా మంగళవారమునాడు వేలము జరుపును. తక్కువ వడ్డీకి ఇచ్చెదమన్నవారి సొమ్ము ముందుగా స్వీకరింపబడును. ఇచ్చువారిలో ముఖ్యులు బ్యాంకులు, జీవిత బీమా సంస్థలు, ప్రావిడెంటు ఫండులు. అనగా మనము బ్యాంకులో దాచుకొన్న సొమ్ము, ఏటేట చెల్లించు బీమా ప్రీమియము, జీతమునుండి మినహాయించిన ప్రావిడెంటు ఫండు చుట్టు తిరిగి ప్రభుత్వమునకు చేరుచున్నవి. దానిపై వడ్డీ చెల్లించుటకు సొమ్ము మన పన్నులనుండియే రావలె. కావున అప్పిచ్చినవారమును మనమే, అప్పు తీర్చువారమును మనమే. నడుమ ఆ సొమ్ముతో ఏమి కట్టిరన్నదే మిగులు ప్రశ్న.

లెక్క తేలికగా తెలియుటకు నూరు రూపాయల పత్రమును తీసికొందము. గడువు పదేండ్లు, వడ్డీ ఏటికి నూటికి ఏడు రూపాయలు అనుకొందము. వడ్డీని ఆరునెలలకొకమారు మూడున్నర రూపాయల చొప్పున చెల్లింతురు. అసలు మాత్రము గడువు తీరిననాడు ఒక్కమారుగా చెల్లింపవలె. పదేండ్లలో వడ్డీ డెబ్బది రూపాయలు, కడపటి దినమున అసలు నూరు రూపాయలు. ఆ దినమునకు సిద్ధముగా ఉండుటకై రాష్ట్రములు రిజర్వు బ్యాంకువద్ద ఋణవిమోచన నిధిని ఉంచుకొనుట కలదు. ఆ నిధి చాలనప్పుడు పాత అప్పును క్రొత్త అప్పుతో తీర్చుచుందురు. అప్పుడు పత్రము మారునేగాని భారము దిగదు.

రాష్ట్రమునకు ఈ విషయమున పూర్తి స్వేచ్ఛ లేదు. రాజ్యాంగము 293వ అధికరణము ప్రకారము రాష్ట్రము తన సంచితనిధిని హామీగా చూపి భారతదేశములోపలనే ఋణము తీసికొనవచ్చును. ఎంతవరకన్నది శాసనసభ నిర్ణయింపవచ్చును. కేంద్రమునకు రాష్ట్రము బాకీపడియున్నంతకాలము క్రొత్త ఋణమునకు కేంద్రపు అనుమతి కావలెను. ఇది గాక అవిభక్త ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2005లో ద్రవ్య బాధ్యత చట్టమును చేసెను. ఏటి ద్రవ్యలోటు రాష్ట్ర స్థూలోత్పత్తిలో నూటికి మూడు వంతులు మించరాదనునది అప్పటినుండి మనకు పరిచయమైన సూత్రము. కరోనా పిమ్మటి సంవత్సరములలో ఈ హద్దును కొంత సడలించిరి.

ఇక అసలు విషయము. రాజ్యాంగము 202వ అధికరణము బడ్జెటులో రెవెన్యూ వ్యయమును ఇతర వ్యయమునుండి వేరుచేసి చూపవలెనని విధించుచున్నది. జీతములు, పింఛనులు, వడ్డీలు రెవెన్యూ వ్యయము. ఆనకట్ట, వంతెన, రహదారి, ఆసుపత్రి భవనము మూలధన వ్యయము. ఒక వంతెన అరువదియేండ్లు నిలుచుననుకొందము. దాని వెలనంతటిని ఈ యేడు పన్ను కట్టువారిపై మోపినచో నేడు కట్టినవారు మోసినవారగుదురు, రేపు పుట్టినవారు నడచినవారగుదురు. ఋణముతో కట్టినచో భారము ఆ వంతెనపై నడచువారందరికిని కొంత కొంతగా పంచబడును. రాష్ట్రములు నిర్మాణములకై అప్పు చేయుటలోని న్యాయమిదియే. ఈ నెల జీతములకై చేసిన అప్పునకు ఈ న్యాయము వర్తింపదు. ఆ సొమ్ము ఈ నెలలోనే కరిగిపోవును. దాని వడ్డీ మాత్రము మన మనుమల వరకు నడచును.

అయితే మూలధన వ్యయమని పేరు పెట్టినంతమాత్రమున అప్పు సద్వినియోగమైనట్లు కాదు. ఇందుకు మన నేలమీదనే, మన నదులపైననే, చక్కని నిదర్శనములు రెండు కలవు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద గోదావరి ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించెను. కరువులతో చితికిన గోదావరి మండలము పచ్చని డెల్టాగా మారెను. నీటి తీరువ రూపమున ప్రభుత్వ ఖజానాకు సొమ్ము తిరిగి వచ్చెను. ఆ ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసెను.

ఆ ఫలితము చూచి లండనులోని పెట్టుబడిదారులకు ఆశ కలిగెను. 1850ల చివర మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడెను. తుంగభద్రపై సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపవరకు కాలువ త్రవ్వుట దాని పని. పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై, లాభము వచ్చినను రాకపోయినను, ఏటికి నూటికి అయిదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీయిచ్చెను. ఆ పెట్టుబడి చాలక మరల ప్రభుత్వమే అప్పిచ్చి ఆదుకొనవలసివచ్చెను. కాలువ సిద్ధమైనది, రైతులు మాత్రము నీరు కోరలేదు. అక్కడి నల్లరేగడి నేలలలో జొన్న, ప్రత్తి వానతోనే పండుచుండెను. మంచి వానలున్న యేట నీటికి సొమ్ము చెల్లింపవలసిన అగత్యము రైతునకు కనబడలేదు. కంపెనీకి నీటి తీరువ అనుకొన్నంత రాలేదు; హామీ వడ్డీ మాత్రము లండనులోని వాటాదారులకు తప్పక చేరుచుండెను. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసెను.

రెండును ఆనకట్టలే, రెండింటి వెనుకను కాటన్ ఆశయమే కలదు. తేడా యెక్కడ? గోదావరి డెల్టాలో నీటికై యెదురుచూచు నేల ముందే ఉండెను. కర్నూలులో నేల ఏమి కోరుచున్నదో విచారింపకయే కాలువ త్రవ్విరి. పైగా లాభము వచ్చినచో కంపెనీది, నష్టము వచ్చినచో ఖజానాది అను ఒడంబడికలో జాగ్రత్తపడవలసిన వారెవరును లేకపోయిరి. నేడు ఆ కర్నూలు - కడప కాలువ రెండున్నర లక్షల ఎకరములకు పైబడిన ఆయకట్టునకు ప్రాణాధారము. కాలువ చెడ్డది కాదు. దానికై చేసిన ఒడంబడిక చెడ్డది. ఈ రెండింటిని వేరుచేసి చూచుట మనము నేర్వవలసిన పాఠము.

ఇట్టి అనుభవముల తరువాత నాటి ప్రభుత్వము నీటిపారుదల పనులను రెండు తరగతులుగా విభజించెను. నిర్మాణము ముగిసిన పదేండ్లలో తన వడ్డీని తాను సంపాదించుకొనగల పనిని ఆదాయకరమైన పనియని పిలిచి ఋణముతో కట్టిరి. కరువు నివారణకై మాత్రమే కావలసిన పనిని రక్షక నిర్మాణమని వేరుచేసి దానికై ప్రత్యేకముగా నిధి కేటాయించిరి. పరదేశపు ప్రభుత్వము తన లాభమునకే చేసికొన్న నియమమిది. ప్రజాక్షేమము దాని గురి కాదు. అయినను పని మొదలు పెట్టకముందే "వడ్డీ ఎక్కడనుండి వచ్చును?" అని అడిగిన గుణము అందులో కలదు.

స్వాతంత్ర్యానంతరము గురి మారినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధి కాలువలకు నీరు వదలెను. శంకుస్థాపనకును నీటికిని నడుమ దాదాపు పండ్రెండేండ్లు గడచినవి. సామాన్యుడు అప్పు చేసి కట్టిన యింటిలో ఏడాదికే కాపురముండును. ఆనకట్ట అట్లు కాదు. కట్టుచున్నన్నాళ్లు సొమ్ము పోవుటయే గాని వచ్చుట ఉండదు. ఆలస్యమైన ప్రతి యేడును వడ్డీ రూపమున నిర్మాణపు వెలను పెంచును. ప్రణాళికల కాలమున రాష్ట్రములకు ఇట్టి సొమ్ము చాలవరకు కేంద్రపు ఋణములుగా లభించుచుండెను. పండ్రెండవ ఆర్థిక సంఘము సిఫారసుల మేరకు 2005 నుండి ఆ పద్ధతి తగ్గి, రాష్ట్రములు తామే విపణిలో అప్పు తెచ్చుకొనుట ప్రధానమైనది. తిరిగి 2020-21 నుండి మూలధన వ్యయమునకై కేంద్రము రాష్ట్రములకు ఏబదియేండ్ల గడువుపై వడ్డీలేని ఋణములిచ్చు పథకమును ప్రవేశపెట్టెను.

ఇటీవలి కాలమున కర్నూలు కాలువ కథను జ్ఞప్తికి తెచ్చు పద్ధతియొకటి పెరిగినది. ప్రభుత్వము తాను నేరుగా అప్పు చేయక ఒక కార్పొరేషనును స్థాపించి, దాని పేర అప్పు తెప్పించి, తాను హామీగా నిలుచును. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంతాభివృద్ధి ప్రాధికార సంస్థ నూటికి 10.32 రూపాయల వడ్డీతో రెండువేల కోట్ల రూపాయల అమరావతి బాండ్లను విక్రయించెను. 2019 తరువాత కొన్నియేండ్లు రాజధాని నిర్మాణము నిలిచిపోయెను. వడ్డీ మాత్రము నిలువలేదు. తెలంగాణలో కాళేశ్వరము ఎత్తిపోతల పథకమునకు ప్రత్యేక కార్పొరేషను ఋణములు తెచ్చెను. 2019 జూనులో ప్రారంభమైన ఆ పథకపు మేడిగడ్డ బ్యారేజిలో 2023 అక్టోబరున కొన్ని స్తంభములు క్రుంగెను. నీరు నిలుపు పని ఆగినను, అప్పు తీర్చు పని ఆగదు. ఎవరిది తప్పని తీర్పు చెప్పుట మా పని కాదు. అందుకు వేరు వేదికలు కలవు. కార్పొరేషను పేర ఉన్న అప్పు బడ్జెటు పుటలలో కనబడకపోయినను, తీర్చవలసిన సొమ్ము తుదకు ప్రజల ఖజానానుండియే రావలెనని చెప్పుటయే మా ఉద్దేశము. ఇట్లు బడ్జెటునుండి తీర్చు ఋణములను రాష్ట్రపు ఋణములుగనే లెక్కింతుమని 2022లో కేంద్రము ప్రకటించుటకు కారణమిదియే.

ఋణమునకు ఆయువు ఎంత పెద్దదో 2014లో మన కండ్లయెదుటనే కనబడినది. ఆ యేడు జూన్ 2న రాష్ట్రము రెండయ్యెను. అవిభక్త రాష్ట్రపు ఋణమును జనాభాను బట్టి ఆంధ్రప్రదేశ్‌కు నూటికి 58.32, తెలంగాణకు 41.68 వంతుల చొప్పున పంచిరి. అప్పు చేసిన రాష్ట్రము ఆ రూపమున లేకపోయినను అప్పు నిలిచియున్నది. అన్నదమ్ములు వేరుపడిననాడు పొలముతోపాటు బాకీని పంచుకొనుట మన యిండ్లలో ఎరిగినదే.

కావున, ఈసారి ఆ పది సెకండ్ల వార్త వినినప్పుడు కోట్ల సంఖ్య చూచి బెదరవలసిన పనిలేదు, మురియవలసిన పనియు లేదు. నాలుగు ప్రశ్నలు వేసికొనిన చాలును. ఈ సొమ్ము దేనికి? నిర్మాణమునకా, నెలసరి వెచ్చములకా? నిర్మాణమునకైనచో అది ఎన్నడు పూర్తియగును, అంతవరకు వడ్డీ ఎవరు మోయుదురు? పూర్తియైనపిదప దానివలన ఎవరికి ఎంత మేలు? ఈ అప్పు బడ్జెటులో చూపబడినదా, లేక మరొక పేర మరుగుపడినదా? వీనికి సమాధానములు బడ్జెటు పత్రములలోను, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలలోను దొరకును. శాసనసభ్యులు మన యూరికి వచ్చినప్పుడు వారిని అడిగి తెలిసికొనవచ్చును.

అప్పిచ్చినది మన పొదుపు. తీర్చునది మన పన్ను. నడుమ లేచిన కాలువలో నీరు పారుచున్నదా లేదా అని అడుగు హక్కును మనదే.