ఏటి మీదుగా వెలుగు

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే అవతల నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో వశిష్ఠ. చూపు ఇట్టే దాటేస్తుంది. మనిషి పంటెక్కి దాటతాడు. తీగ మాత్రం వంతెన వెతుక్కుంటూ దిండి, చించినాడ మీదుగా చుట్టు తిరిగి రావాలి. రాజోలు ప్రాంతంలో ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేశాను. ఆ చుట్టు ఎంతో నా కాళ్లకి తెలుసు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కొట్టాక తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు తోటలకి తోటలే పడుకుని ఉన్నాయి. వాటి కింద మా తీగలు. మొద్దు నరకడం, తీగ లాగడం, అతకడం, మళ్లీ ఇంకో స్తంభం దాకా నడవడం. వారాల తరబడి అదే పని. తీగన్నదే లేకుండా ఏరు దాటించే దారి ఉంటే ఎంత బాగుండునని అప్పుడే అనిపించింది.

ఆ దారి కొత్తదేం కాదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్, తన సహాయకుడు టెయింటర్‌తో కలిసి 1880లోనే మాటని ఎండ మీద పంపాడు. పల్చటి అద్దం వెనక నుంచి మాట్లాడితే అద్దం అదిరేది, దాని మీద పడి మళ్లిన ఎండ కూడా ఆ అదురుతోనే వెళ్లేది, 213 మీటర్ల అవతల సెలీనియం దాన్ని పట్టి మళ్లీ మాట చేసేది. మబ్బు పడితే మాట ఆగేది. అందుకే తీగ గెలిచింది.

ఈనాటి ఫైబర్‌లోనూ వెళ్లేది కాంతే, గాజుపోగు దానికి గొట్టం. మా మండలంలోని మోరి గ్రామానికి జీడిపప్పుతో పేరు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి ఎంచుకున్న ఊరది. 2016 డిసెంబరు చివర్లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఫైబర్‌గ్రిడ్ ప్రారంభించింది అక్కడే. మట్టి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఖర్చు కలిసొచ్చే ఉపాయం, నాకు నచ్చింది. కానీ కొబ్బరిమట్టలూ గాలివానలూ ఉన్న సీమలో పైన వేలాడే తీగ అంటే నాకు గుండెలో దడే.

మరుసటి ఏడాది, 2017 డిసెంబరులో, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కి చెందిన ఎక్స్ ప్రయోగశాల ఏపీ ఫైబర్‌నెట్‌తో ఒప్పందం ప్రకటించింది. తీగ వేయడం కష్టమైన చోట్ల 2,000 కాంతి లంకెలు పెట్టాలన్నది ఆ మాట. గొట్టం తీసేసి కాంతిని గాలిలోనే పంపడం అన్నమాట. బెలూన్ల నుంచి ఇంటర్నెట్ ఇవ్వాలనుకున్న లూన్ పథకంలో, ఆకాశంలో ఒక బెలూన్ ఇంకో బెలూన్‌తో మాట్లాడుకోవడానికి పుట్టిన పరికరమది. నేల మీదికి దిగాక పేరు తారా అయింది. లక్ష్యం సెకనుకి 20 గిగాబిట్లు, 20 కిలోమీటర్ల దాకా.

మా రేవు కష్టం ఆఫ్రికాలోనూ ఉంది. కాంగో నదికి ఇటు బ్రాజవిల్, అటు కిన్షాసా. మధ్య దూరం 5 కిలోమీటర్ల లోపే. ఫైబర్ మాత్రం 400 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాలి. తారా పరికరాలు చెరో గట్టునా పెట్టి, 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్లు దాటించామని 2021లో ఎక్స్ వాళ్లు చెప్పారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అసలు కష్టమంతా గురిలో ఉంది. మనవరాలికి గడ్డం గీసుకునే అద్దం ఇచ్చి, ఎండని కాలవ అవతలి గట్టు మీది రావిచెట్టు మొదట్లో నిలబెట్టమన్నాను.

"నిలవట్లేదు తాతయ్యా, చెయ్యి కదలకపోయినా పారిపోతోంది!"

పారిపోదూ మరి? మీటరు దూరాన ఒక్క మిల్లీమీటరు బెసికితే 10 కిలోమీటర్ల అవతల అది 10 మీటర్లవుతుంది. తారా పరికరం 10 కిలోమీటర్ల దూరాన 5 సెంటీమీటర్ల గురి కొట్టాలి. పైగా టవర్ ఊగుతుంది, ఎండకి ఇనుము సాగుతుంది, ఏటి మీద వేడిగాలి కాంతిని వణికిస్తుంది. అందుకే దాని నిండా అద్దాలు, వాటిని తిప్పే యంత్రాలు, జారితే పసిగట్టే సెన్సర్లు. మొత్తం కలిపి ట్రాఫిక్ లైటంత పెట్టె. కదిలే భాగం ప్రతిదీ అరిగేదే. ఉప్పుగాలిలో అయితే మరీను.

2025లో తారా వాళ్లు చూపించింది గోరంత సిలికాన్ చిప్. వందల కొద్దీ సన్నటి కాంతి ద్వారాలు అందులోనే. అద్దం లేదు, తిరిగే చక్రం లేదు. మరి కాంతి పక్కకి ఎలా తిరుగుతుంది? కాలవ రేవు మెట్టు మీద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అందరూ ఒక్కసారే నీళ్లు కొడితే అల నేరుగా అవతలికి పోతుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకరి తరవాత ఒకరు కొడితే అల ఏటవాలుగా పోతుంది. ఎవరూ కదల్లేదు, అల దారి మారింది. చిప్‌లోనూ ఒక్కో ద్వారం దగ్గర కాంతిని రవ్వంత ముందువెనకలు చేస్తారు, అంతే. ఆరుబయట కిలోమీటరు దూరం, సెకనుకి 10 గిగాబిట్లు పంపి చూపించారు. నదికి కిలోమీటరు చాలకపోవచ్చు గానీ, పాయలతో, పంటకాలవలతో కోసుకుపోయిన మా లంకలకి కిలోమీటరు తక్కువేం కాదు. గోరంత వస్తువైతే తుఫాను హెచ్చరిక రాగానే విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. గాలి వెళ్లాక మళ్లీ బిగించుకోవచ్చు. స్తంభాలు నిలబెట్టిన చేతులివి, నాకు ఈ ఒక్క మాటే చాలు.

"పక్షి అడ్డమొస్తేనో?" అంది మనవరాలు. తెగిన ముక్కని మళ్లీ పంపిస్తారు, మనకి తెలియను కూడా తెలియదు. వానకీ పెద్దగా లొంగదు. దాని అసలు శత్రువు మంచు. మంచు తుంపర ఎంత సన్నమంటే, కాంతిని చిందరవందర చేయడానికి సరిగ్గా సరిపోతుంది. పుష్యమాసంలో మా ఏటి మీద పరుచుకునే తెర ఏ చిప్పుకీ చిన్న లెక్క కాదు. పక్కన రేడియో లంకె ఒకటి తోడు ఉండాల్సిందే. అది ఎన్ని గంటలు అవసరమో ఏ రేవుకి ఆ రేవు లెక్క వేసుకోవాలి.

ఆ లెక్క మొదలుపెట్టాను. రోజూ తెల్లవారుజామున పాత డైరీ పట్టుకుని రేవుకి వెళ్లి, అవతలి గట్టు దీపం కనిపించిన వేళ రాసుకుంటున్నాను. నిన్న ఆరున్నరకి ఏమీ లేదు. ఏడుంపావుకి మసగ్గా ఒక చుక్క. ఎనిమిదికి నరసాపురం మొత్తం తేటగా.