ఎదురుచెప్పే వాళ్ల హోండా

జపాన్‌లో కార్లు చేసే కంపెనీలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి, కొత్తవాళ్లు అక్కర్లేదని 1961లో అక్కడి పరిశ్రమల మంత్రిత్వశాఖ అనుకుంది. విదేశీ కార్లకు తలుపులు తెరవాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఆలోగా ఉన్న కంపెనీలను జట్లు జట్లుగా కలిపి బలపరచాలి, ఇంకెవరు ఈ రంగంలోకి రావాలన్నా సర్కారు అనుమతి తీసుకోవాలి. అందుకోసం ఒక చట్టం తేవాలన్నది ఆలోచన. అప్పటికి హోండా మోటార్‌సైకిళ్ల కంపెనీ. ఒక్క కారు కూడా అమ్మలేదు. చట్టం వచ్చేలోపు కారు రోడ్డెక్కకపోతే ఇక ఆ ఆశ వదులుకోవాల్సిందే.

కంపెనీ వ్యవస్థాపకుడు సొయిచిరో హోండా ఆ శాఖ అధికారులతో ముఖాముఖి తగాదాకే దిగారు. ఒకపక్క వాదిస్తూనే, మరోపక్క ఇంజినీర్లను రాత్రింబవళ్లు పరుగులు పెట్టించారు. 1963 ఆగస్టులో టీ360 అనే చిన్న ట్రక్కు, అక్టోబరులో ఎస్500 స్పోర్ట్స్ కారు మార్కెట్‌లోకి వచ్చాయి. రెండింటిలోనూ మోటార్‌సైకిల్ రక్తమే. సరుకులు మోసే ఆ బుల్లి ట్రక్కుకి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బ్యురేటర్లు, నిమిషానికి 8,500 చుట్లు తిరిగే ఇంజిన్! ఎస్500లో వెనక చక్రాలను తిప్పేవి గొలుసులు. ఆఖరికి రంగు దగ్గరా పోరాటం తప్పలేదు. అప్పట్లో ఎరుపు అగ్నిమాపక వాహనాలకే చెల్లు. కారుకు ఆ రంగు కావాల్సిందేనని హోండా పట్టుబట్టి అనుమతి సాధించారు. ఇంతా చేస్తే, ఆ బిల్లు పార్లమెంటులో గట్టెక్కక 1964లో అటకెక్కింది.

ఈ మొండితనం ఆయనకు పుట్టుకతో వచ్చింది. హమమత్సు దగ్గరి పల్లెలో 1906లో పుట్టారు. తండ్రి కమ్మరి, సైకిళ్లు కూడా బాగుచేసేవాడు. పదిహేనేళ్లకు టోక్యో వెళ్లి ఆర్ట్ షోకాయ్ అనే కార్ల షెడ్డులో చేరితే, మొదట్లో అప్పగించిన పని యజమాని బిడ్డను ఎత్తుకు తిప్పడం. తర్వాత సొంతంగా పిస్టన్ రింగుల ఫ్యాక్టరీ పెట్టారు. యుద్ధంలో ఒక ప్లాంటు బాంబులకు, మరొకటి 1945 జనవరి భూకంపానికి పోయాయి. మిగిలిన వాటాను టయోటాకు అమ్మేశారు. ఈ టయోటా పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

1946లో ఒక రేకుల షెడ్డు. సైన్యం రేడియోలకు కరెంటు అందించేందుకు వాడిన బుల్లి ఇంజిన్లు ఓ ఐదు వందల దాకా చవగ్గా దొరికాయి. వాటిని సైకిళ్లకు బిగించారు. మొదటి నమూనాకు పెట్రోలు ట్యాంకు ఏమిటో తెలుసా? చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ల డబ్బా! పెట్రోలు రేషన్ కావడంతో దేవదారు జాతి చెట్ల వేళ్ల నుంచి తీసిన టర్పెంటైన్ కలిపి నడిపారు. ఊళ్లో ఆ బండి తోలి చూపించింది భార్య సాచి. జనం ఆ చప్పుడును బట్టి దాన్ని ‘బాటాబాటా’ అన్నారు. 1948 సెప్టెంబరు 24న హోండా మోటార్ కంపెనీ పుట్టింది.

మరుసటి ఏడాది తకెయో ఫుజిసావా చేరారు. నా లెక్కలో ఈ కథకు నాయకులు ఇద్దరు. ఇంజిన్ తప్ప మరొకటి పట్టని హోండాకు డబ్బు, అమ్మకాలు, మనుషులు అన్నీ ఆయనే చూశారు. 1952లో సైకిల్‌కు బిగించే కబ్ ఇంజిన్ వచ్చినప్పుడు దేశమంతా ఉన్న యాభై వేలకు పైగా సైకిల్ షాపులకు ఉత్తరాలు రాయించారు. డీలర్లే లేని కంపెనీకి ఆ ఒక్క ఎత్తుతో ఊరూరా దుకాణం దొరికింది. 1958లో వచ్చిన సూపర్ కబ్ కూడా ఆ ఇద్దరి మాటల్లోంచి పుట్టిందే. నూడుల్స్ ఇంటింటికీ చేర్చే కుర్రాడు ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, రెండో చేత్తో నడపగలగాలి. అందుకే క్లచ్ లివర్ తీసేశారు. చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, కాళ్లకు బురద తగలకుండా ప్లాస్టిక్ కవచం. 2017 నాటికి ఈ కుటుంబం బళ్లు పది కోట్లు దాటాయి. తక్కువ పెట్రోలు తాగే చిన్న ఫోర్ స్ట్రోక్ అనే ఆ పట్టుదలే 1985లో హీరో హోండా సీడీ100గా మన దేశానికి వచ్చింది. పాలక్యాన్లు కట్టుకుని తిరిగే వాళ్ల నుంచి బడిపంతుళ్ల దాకా ఆ బండెక్కని ఊరు తెలుగునాట అరుదు. హీరో, హోండాల భాగస్వామ్యం విడిపోయి ఏళ్లు గడిచినా మన జనం నోట ‘హీరో హోండా’ అన్న జంటపేరు విడిపోలేదు.

ఇక్కడిదాకా ఇది నెగ్గినవాడి కథ. నాకు అంతకన్నా విలువగా తోచేది ఆయన ఓడిన కథ.

ఇంజిన్‌ను గాలితోనే చల్లబరచాలన్నది హోండా పంతం. నీళ్లతో చల్లబరిచినా ఆ నీళ్లను చల్లార్చేది గాలే కదా, మధ్యలో నీళ్లెందుకు అనేవారు. 1968లో ఆ పద్ధతిలో చేసిన ఫార్ములా వన్ కారు నడపడానికి జట్టు డ్రైవర్ జాన్ సర్టీస్ ఒప్పుకోలేదు. దాంతో ఫ్రాన్స్‌లోని రువాన్ రేసులో దాన్ని నడిపిన జో ష్లెసర్ ప్రమాదంలో కాలిపోయి మరణించాడు. అయినా మరుసటి ఏడాది హెచ్1300 కారునూ గాలి ఇంజిన్‌తోనే తెచ్చారు. బరువెక్కువ, ఖర్చెక్కువ. కాలుష్యం తగ్గాలంటే ఇంజిన్ వేడి అదుపులో ఉండాలి, దానికి నీళ్లే దారి అని కుర్ర ఇంజినీర్లు మొత్తుకున్నారు. వాళ్లలో తదాషి కుమె ఒకరు. ఎవరి మాటా చెల్లకపోయేసరికి వాళ్లు ఫుజిసావా దగ్గరికి వెళ్లారు. ఆయన హోండాను అడిగింది ఒక్కటే: నువ్వు ఈ కంపెనీ అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజినీరుగా ఉంటావా? అధ్యక్షుడిగానే అన్నారు హోండా. అయితే కుర్రాళ్లను నీళ్ల ఇంజిన్ చేయనివ్వు అన్నారు ఫుజిసావా. హోండా ఒప్పుకున్నారు.

1970లో అమెరికా మస్కీ చట్టం తెచ్చింది. ఐదారేళ్లలో కార్ల పొగలోని విషాలను పదోవంతుకు తగ్గించాలి. అక్కడి డెట్రాయిట్ కార్ల కంపెనీలు కుదరదన్నాయి. పెద్ద కంపెనీలతో ఒకే గీత మీద నిలబడే అవకాశం ఇప్పుడొచ్చిందని హోండా సంబరపడ్డారు. ఆయన ఇంజినీర్లు అక్కడా ఎదురుచెప్పారు. మేం పనిచేస్తున్నది కంపెనీ గెలుపు కోసం కాదు, సమాజం కోసం అన్నారు. తన ఆలోచన ఎప్పుడో కంపెనీ లాభం చుట్టూ తిరగడం మొదలెట్టిందని ఆ మాటతో అర్థమైందని, తప్పుకునే వేళైందని అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఆ కుర్రాళ్లు చేసిన సీవీసీసీ ఇంజిన్ 1972 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ పరీక్ష నెగ్గింది. 1975 ప్రమాణాలు అందుకున్న తొలి ఇంజిన్ అదే. సిలిండర్ పక్కన చిన్న గదిలో చిక్కటి మిశ్రమాన్ని ముందు మండించి, ఆ మంటతో పలచటి మిశ్రమాన్ని కాల్చడం అందులోని కిటుకు. ఆ విద్య కోసం లైసెన్స్ తీసుకున్న కంపెనీల్లో ఫోర్డ్ ఉంది, టయోటా కూడా ఉంది.

1973లో హోండా, ఫుజిసావా కలిసే పదవులు వదిలారు. కొడుకులను కంపెనీలోకి తేకూడదన్నది వాళ్ల ఒప్పందం. తర్వాతి అధ్యక్షుడు నలభై అయిదేళ్ల కియోషి కవాషిమా. 1951లో కొత్త ఇంజిన్‌ను పరీక్షించడానికి తుపాను వానలో బండిని హకోనె కనుమ ఎక్కించినవాడు, 1959లో ఐల్ ఆఫ్ మ్యాన్ మోటార్‌సైకిల్ రేసుకు తొలి జట్టును నడిపించినవాడు ఆయనే. 1983లో కవాషిమా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది గాలి ఇంజిన్ వద్దని పోట్లాడిన తదాషి కుమె.