3 సెంటీమీటర్ల గడ్డకు కిడ్నీ మొత్తం తీయాలా?

1893లో రైల్వే వర్క్‌షాప్ పెట్టినప్పటి నుంచీ సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే కుటుంబాల ఊరు. దక్షిణ మధ్య రైల్వే సెంట్రల్ హాస్పిటల్ ఉన్నదీ ఇక్కడే. ఉద్యోగులూ, రిటైరైనవాళ్లూ షుగరుకూ బీపీకీ మందులు తెచ్చుకునే చోటు. ఆ రెండు జబ్బులూ కిడ్నీని లోలోపల తినేసేవే. అలాంటి మనిషి కడుపునొప్పని పొట్ట స్కానింగ్ చేయించుకుంటే కిడ్నీ మీద 3 సెంటీమీటర్ల గడ్డ కనబడిందనుకోండి. చిన్న గడ్డలు ఎక్కువగా బయటపడేది ఇలాగే, వేరే దేనికోసమో తీసిన స్కాన్‌లో.

కిడ్నీ దాటిపోని, 4 సెంటీమీటర్ల లోపు క్యాన్సర్‌ను టీ1ఏ దశ అంటారు. ఆపరేషన్ అయ్యాక ఐదేళ్లకు పైగా బతికేవాళ్లు నూటికి 90 మంది పైమాటే. పైగా ఈ సైజు గడ్డల్లో సుమారు ఐదింట ఒకటి క్యాన్సరే కాదు. 1990లో అమెరికాలో డాక్టర్ రాల్ఫ్ క్లేమన్ బృందం తొలిసారి కీహోల్ పద్ధతిలో కిడ్నీ తీసింది 85 ఏళ్ల పెద్దావిడకు. గడ్డ 3 సెంటీమీటర్లు. పరీక్షిస్తే అది ప్రమాదం లేని గడ్డేనని తేలింది. కిడ్నీ మాత్రం పోయింది.

పోతే ఏమవుతుంది? న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి 2006లో ఇలాంటి చిన్న గడ్డకు ఆపరేషన్ అయిన 662 మంది లెక్కలు తీసింది. వాళ్లలో 26 శాతం మందికి ఆపరేషన్‌కు ముందే కిడ్నీ జబ్బుంది. మిగతావాళ్లలో మూడేళ్లకు కూడా కిడ్నీ వడపోత వేగం (జీఎఫ్ఆర్) నిమిషానికి 60 మిల్లీలీటర్ల కిందికి దిగనివాళ్లు, గడ్డ వరకే తీయించుకున్నవాళ్లలో 80 శాతం. కిడ్నీ మొత్తం తీయించుకున్నవాళ్లలో 35 శాతమే. 541 మందితో జరిగి 2011లో వెలువడిన ట్రయల్‌లో మాత్రం కిడ్నీ మిగిల్చినందుకు ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అయినా షుగరున్న మనిషికి ఆ వడపోతే ఆధారం. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఊళ్లలో డయాలసిస్ బతుకులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

గడ్డ వరకే కోయడంలో చిక్కు నెత్తురు. రెండు కిడ్నీలకూ కలిపి నిమిషానికి లీటరుకు పైగా రక్తం వెళ్తుంది. అందుకే రక్తనాళానికి క్లాంప్ వేసి, 25 నిమిషాల లోపే కోసి, కుట్టేసి, క్లాంప్ తీసేయాలని చూస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ మిగిలిన భాగమూ దెబ్బతింటుంది. కీహోల్ పద్ధతిలో అయితే పొట్టకు 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడో నాలుగో పెట్టి, వాటిలోంచే ఇదంతా చేయాలి. లేజర్ పనికొచ్చేది ఇక్కడే. థూలియం లేజర్ వెలుగును కణాల్లోని నీరు పీల్చేసుకుంటుంది. వేడి అర మిల్లీమీటరు లోతుకు మించి పెద్దగా పాకదు. కోస్తూనే సన్నని నాళాలను మూసేస్తుంది. గడ్డ అంచున, పైపైన ఉంటే క్లాంప్ లేకుండానే పని అయిపోవచ్చు.

పెద్ద నాళం తెగితే లేజర్ ఆపలేదు, కుట్టు వేయాల్సిందే. పొగ కమ్మి కెమెరాకు కనబడకపోవడం మరో ఇబ్బంది. ఇంతవరకు వచ్చిన అధ్యయనాలూ ఎక్కువగా కొద్దిమంది రోగుల మీదే. కాబట్టి లేజర్ ఉందా అన్నది రెండో ప్రశ్న. రిపోర్టులో 4 సెంటీమీటర్ల లోపు గడ్డ అని చూస్తే ముందు అడగాల్సింది ఇది: ‘డాక్టరు గారూ, నా కిడ్నీ మిగల్చగలరా? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?’