కారు వెనక ఇల్లు, కాడి మీద బరువు

మా వూళ్ళో బండికి బస్తాలెత్తాక మా నాన్న కాడి ఎత్తి బరువు చూసేవారు. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అమెరికాలో మొదటిసారి కారు వెనక ట్రైలరు, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించిన రోజున ఆ సంగతే మరిచాను. కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలిపోయాయి. స్టీరింగు తిప్పితే కారు సరిగా తిరగలేదు. లోపల పిల్లలున్నారు!

దీనికి మందు బరువు పంచే కొక్కెం. దాని రెండు స్ప్రింగు కడ్డీలు మీటల్లా పనిచేసి, వెనక ఇరుసు మీది భారాన్ని కొంత ముందు ఇరుసుకూ, కొంత ట్రైలరు ఇరుసులకూ పంచుతాయి.

అయితే ముందు సామాను సర్దాలి. ట్రైలరు మొత్తం బరువులో 10–15 శాతం కొక్కెం మీద పడాలి. 3,000 కిలోలైతే 300–450 అన్నమాట. తగ్గితే ట్రైలరు పాములా ఊగుతుంది. ఆ తప్పును కడ్డీలు దిద్దలేవు.

తరవాత చదును నేల మీద, తగిలించకముందోసారి, తగిలించాక మరోసారి, కారు ముందు చక్రం పైనున్న రేకు ఎత్తు కొలవండి. 4 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. చాలా కార్లకు సగం, అంటే 2 సెంటీమీటర్లు దిగేలా కడ్డీలు బిగిస్తే చాలు. మీ కారు పుస్తకం ఎంతంటే అంతే ఖాయం. అతిగా బిగిస్తే వెనక చక్రాలు పట్టు తప్పుతాయి.

సర్దడం ముందు, బిగించడం తరవాత. నాన్న చదువుకోలేదు గానీ, ఈ పాఠం ఆయనదే.