యంత్రలిపిలోని గ్రంథములు



కంప్యూటరులో పనిచేయు ప్రోగ్రాములను వ్రాయువారు మొదట మనుష్యులు చదువదగిన మూలమును వ్రాయుదురు. అందు పేర్లుండును, వాక్యములవంటి పంక్తులుండును, నడుమనడుమ వ్యాఖ్యానమును ఉండును. ఆ మూలమును కంపైలరు అను అనువాదక ప్రోగ్రాము యంత్రమునకు తెలియు సంకేతములుగా మార్చును. అట్లు మార్చునపుడు వ్యాఖ్యానము పూర్తిగా రాలిపోవును. పేర్లలో పెక్కు నశించును. తుదకు మిగులునది అంకెల వరుస. మూలప్రతి దొరకక, అట్టి ఫైలు మాత్రమే మన చేతికి వచ్చినపుడు అందేమున్నదో తెలిసికొనుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ఇందులకైన సాధనములు క్రొత్తవి కావు. 1971వ సంవత్సరమున వెలువడిన యూనిక్స్ తొలి మాన్యువలునందే ఎన్‌ఎమ్, స్ట్రిప్ అను ఆజ్ఞలు వర్ణింపబడినవి. నేడు లినక్సు యంత్రములలో ఇవియు, వీని తోడివియు గ్నూ బిన్‌యుటిల్స్ అను సముదాయముగా లభించుచున్నవి. బొమ్మలను నొక్కుట గాక, ఆజ్ఞను అక్షరములతో టైపుచేసి వీనిచేత పనిచేయించుకొనవలెను.

తాళపత్రమును చేతబట్టిన పండితుడు ముందుగా ఇది యే లిపి యని చూచును. లినక్సు ప్రోగ్రాము ఫైలు సాధారణముగా ఈఎల్ఎఫ్ అను కూర్పున నుండును. దాని మొదటి బైటు 127 అను సంఖ్య. తరువాతి మూడును ఇ, ఎల్, ఎఫ్ అను ఆంగ్లాక్షరములు. రీడెల్ఫ్ అను సాధనము ఈ శీర్షభాగమును చదివి, ఫైలు ఏ జాతి ప్రాసెసరుకై కూర్పబడినదో చెప్పును. ఎన్‌ఎమ్ విషయసూచిక వంటిది. పేరు ప్రక్కన పెద్ద 'టి' యున్నచో ఆ కార్యము ఈ ఫైలునందే కలదు. 'యు' యున్నచో వేరొకచోటినుండి రావలసియున్నది. ఆబ్జ్‌డంప్ పదచ్ఛేదము చేయును. అంకెల వరుసను విడదీసి ఒక్కొక్క యంత్రాదేశముగా చూపును. స్ట్రింగ్స్ ఫైలును గాలించి, చదువదగిన అక్షరముల వరుసలను ఏరి యిచ్చును.

ఇంతవరకు సులభమే. ఈ సాధనములు మౌనము వహించినపుడే చిక్కు వచ్చును. భాట్టమీమాంసకులు అభావమును తెలిసికొనుటకు అనుపలబ్ధి యను ప్రమాణము నంగీకరించిరి. అయినను కానరానంత మాత్రమున లేదనరాదు. ఉన్నచో తప్పక కానవలసిన స్థితిలో కానరానపుడే లేదని నిశ్చయింపవలెను. వెలుగున్న గదిలో కుండ కానరానిచో కుండ లేదు. చీకటిగదిలో కానరానిచో ఏమియు చెప్పజాలము.

మా యూరి గ్రంథాలయమున పుస్తకముల రాకపోకలను లెక్కించు చిన్న ప్రోగ్రామొకటి కలదు. వ్రాసినవాడు నా పూర్వశిష్యుడు. మూలప్రతి యతని పాత యంత్రముతో నశించినది. తెరపై వచ్చు తెలుగు శీర్షికలలో నొకచోట హ్రస్వమునకు బదులు దీర్ఘము పడినది. దానిని దిద్దబూని, అచటి యువకుడొకడు స్ట్రింగ్స్ నడిపెను. తెలుగక్షర మొక్కటియు రాలేదు. శీర్షికలు వేరొక ఫైలున నుండెనని తలచి, అతడు మూడుదినములు పాత డిస్కులను వెదకెను. నిజమునకు స్ట్రింగ్స్, వేరుగా చెప్పనిచో, ఏడు బిట్లలో నిముడు ఆంగ్లాక్షరాదులనే, అవియు కనీసము నాలుగు వరుసగా నున్నపుడే, ఏరును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కటికి మూడు బైట్లు. ఆ మూడును ఏడు బిట్ల పరిమితికి వెలుపలివే. ఆజ్ఞకు 'మైనస్ ఇ', దాని వెంట పెద్ద 'ఎస్' చేర్చి నడుపగా శీర్షికలన్నియు ఆ ప్రోగ్రాములోనే బయటపడినవి. గుడికిని, గుడిదీర్ఘమునకును బైట్ల సంఖ్య సమానమే గనుక, ఒక నకలుపై ఆ స్థానముననే తప్పు దిద్దబడినది.

స్ట్రిప్ అను సాధనము పేర్లను తుడిచివేయును. అట్టి ఫైలును చూచి ఎన్‌ఎమ్ పేర్లు లేవనును. పోయినవి పేర్లే, కార్యములు నిలిచియే యున్నవి, ఆబ్జ్‌డంప్ వానిని చూపగలదు. పెద్ద 'డి' చేర్చి అడిగినచో, బయటి లైబ్రరీలతో కలుపుటకై నిలిపిన పేర్లను ఎన్‌ఎమ్ సైతము చెప్పును.

ఇక నొక హెచ్చరిక. ప్రోగ్రామునకు కావలసిన లైబ్రరీలను తెలుపు ఎల్‌డిడి యను సాధనము, కొన్ని సందర్భములలో ఆ ప్రోగ్రామునే నడుపవచ్చును. నమ్మరాని ఫైలుపై దానిని ప్రయోగింపవలదని దాని మాన్యువలే చెప్పుచున్నది. విషమో కాదో తెలియుటకు త్రాగి చూడరాదు గదా! అట్టిచోట ఆబ్జ్‌డంప్‌నకు చిన్న 'పి' చేర్చుట మేలు. అది చదువునే గాని నడుపదు. అయినను నేరుగా కోరబడిన లైబ్రరీలనే అది చూపును, ఆ లైబ్రరీలు కోరునవి చూపదు.

కావున, సాధనము చూపినదానిని గ్రహింపుడు. అది "లేదు" అన్నపుడు మాత్రము, "ఉన్నచో నీవు చూపగలిగియుందువా?" యని మాన్యువలు తెరచి విచారింపుడు. ఆ విచారణ లేనిదే ఏ ఫైలును నిర్దోషమనియు, నిష్ప్రయోజనమనియు తీర్పు చెప్పరాదు.