సముద్రము దాటిన తాతల జాడ

తాత, ముత్తాతల పేర్లు పిండప్రదానవేళ మూడు తరములవరకు చెప్పగలుగుదుము. అంతకు పైవారి మాట అడిగిన ఇంటి పెద్దలును తడుముకొందురు. ఇక కూలికై సముద్రము దాటి అక్కడనే కన్నుమూసినవారి సంగతి చెప్పనేల? విశాఖపట్టణము జిల్లానుండి అట్లు పోయినవారి మునిమనుమలు ‘మా తాత ఊరేది? ఆయనను ఎక్కడ పూడ్చినారు?’ అని నేడు దక్షిణాఫ్రికానుండి వెదకుచున్నారు. ఆ ఊరు చోడవరము దాపున ఉన్నదనుకొందము. దానిని పట్టుకొనుట యెట్లు?

మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ 342 మందితో 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరినది. నాటినుండి 1911 వరకు నేటాల్‌కు 1,52,184 మంది పోయినారు. దిగిన ప్రతి మనిషికిని ఒక అంకె ఇచ్చినారు. ఓడ జాబితాలో ఆ అంకె కెదురుగా పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు కూడ వ్రాసినారు. మనిషిని అంకెగా మార్చిరే యని మనకు నొప్పి కలుగును. కాని పేరు పలువిధములుగా మారినను అంకె మారలేదు. తరువాతి కాగితములలోను ఆ అంకెయే ఆనవాలు. కనుక ఇంటిలోని పాత పత్రములలో మొదట వెదకవలసినది దానినే.

పేర్లతోనే చిక్కు. తెలుగు రాని గుమాస్తాలు చెవిని పడినది ఇంగ్లీషులో గీకినారు. అప్పలస్వామి ‘అప్పల్సామి’ అయినాడు. అక్కడి కొన్ని కుటుంబములకు అదియే ఇంటిపేరై నిలిచినది. అసలు ఇంటిపేరునకు జాబితాలో గడియే లేదు. అయినను మన ప్రాంతపు పేర్లలో ఒక సుగుణమున్నది. ‘అప్పల’ అన్న సింహాచలము అప్పన్న, ‘పైడి’ అన్న విజయనగరము పైడితల్లి, ‘నూక’ అన్న అనకాపల్లి నూకాలమ్మ తలపునకు వత్తురు. ఊరి పేరు గుర్తుపట్టరానంతగా చెడినను, బిడ్డకు పెట్టిన వేలుపు పేరు కొంత దారి చూపును.

తాలూకా పేరును చూచి మోసపోరాదు. చోడవరమున కచేరీ ఉన్న తాలూకాకు ఒకప్పుడు వీరవల్లి తాలూకా యని పేరు. చోడవరమను మాటకై మాత్రమే వెదకువానికి తన ఊరు కంటబడకనే పోవచ్చును. 2022లో చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినది గనుక, నేటి జిల్లా పేరుతో పాత కాగితములను వెదకినను ఫలముండదు.

ఊరు తేలిన పిమ్మట పని ఇక్కడిది. పోయినవాని మరణము మన ఊరి లెక్కలలో ఉండదు. ఉన్నచో అతని అన్నదమ్ములది ఉండును. జనన మరణముల నమోదుకు మద్రాసు రాజధానిలో 1899లో చట్టము వచ్చినది. 1984లో కరణము, మునసబుల పదవులు రద్దగువరకు గ్రామపు లెక్కలు వారి చేతులలోనివే. భూముల పంపకపు దస్తావేజులును చూడదగినవి. తండ్రి పేరు, అన్నదమ్ముల పేర్లు కలిసిన కుటుంబము దొరికిన, దేశాంతరము పోయినవాడొకడు కలడాయని ఆ ఇంటి ముసలివారిని అడుగవలెను. కాగితము చెప్పని ఇంటిపేరు వారు చెప్పుదురు.

సమాధి మాట వేరు. మరణపు నమోదు దొరికిన, అతడు ఏ తోటలో పోయినదియు తెలియవచ్చును. కాని పేదకూలికి చెక్కిన రాయి నిలిపిన వారెవ్వరు? తోట పేరు వరకు చేరి ఆగినవారే హెచ్చు. ఓడలోనే మరణించినవారికి సముద్రమే శ్మశానము. మరియొక సంగతి కూడ ముందే చూచుకొనవలెను. తొలినాళ్ళలో పోయినవారికి పదేండ్లు గడిచిన తరువాత ఉచితముగా తిరిగివచ్చు హక్కుండెడిది. అట్లు వచ్చినవారును కలరు. తిరుగు ఓడల కాగితములలో అతని అంకె కనబడినచో, నేటాల్‌లో వెదకుట మాని, ఆ సమాధిని చోడవరము దాపుననున్న సొంత ఊరి చెరువుగట్టుననే వెదకవలెను.