వర్తకమునకు నోటి మంచితనము

2025 ఏప్రిలులో రాజమహేంద్రవరపు ‘అలేఖ్య చిట్టి పికిల్స్’ ఉదంతమును మీరెఱుఁగుదురు. పచ్చడి వెల హెచ్చన్న వానికి వాట్సాపున దుర్భాషలు బదులుగా వచ్చెను. అవి యెల్లెడల వినఁబడఁగా వర్తకము మూతపడెను. తెరపై జనులిచ్చిన ప్రసిద్ధి హక్కు కాదు, అప్పు. అట్లని ఆ వర్తకురాండ్రను వేలాదిగాఁ గూడి దూషించుటయు ధర్మము కాదని మా యభిప్రాయము.

మా ఉదయగిరి కొయ్య గరిటెలకుఁ బేరు పొందినది. గరిటె గరుకన్నచో మరల నునుపు చేయవలెను గాని, కోపముచేఁ గొయ్య నునుపెక్కునా? ఆత్మకూరున అప్పడములైనను అమ్మఁబూనిన సోదరి మొదట సరకుల లెక్క వ్రాసికొని, వెల యేల హెచ్చో శాంతముగాఁ జెప్పవలెను. తప్పున్నచో సొమ్ము మరల నీయవలెను. కోపము వచ్చినపుడు ఫోను ప్రక్కనుంచి, మఱునాఁడు బదులిచ్చుట మేలు. నోరు మంచిదైన ఊరు మంచిదను సామెత వర్తకమునకును చెల్లును.